మా పాప పట్టుకున్న దొంగ

ఈ ఎండాకాలం సెలవుల్లో మా పాప కోసమని ఒక డిటెక్టివ్ కథ రాయడం మొదలుపెట్టినా, పిల్లల నవల అనుకోండి. కథ చిన్నదే, తిరుపతిలో ఒక వీధి, ఎదురింట్లో ఒంటరిగా ఉండే అవ్వ ఒకరోజు పొద్దున్నే కనపడదు, వాకిట్లో ముగ్గు లేదు, తలుపుకి తాళం, ముగ్గురు పిల్లకాయలు వెతకడానికి బయల్దేరతారు. ముందురోజు ఆ ఇంటి ముందర కూర్చోని సోది చెప్పిపోయిన ఎరుకలామె కూడా ఒక పేరాలో ఉంటాది.

రెండో చాప్టర్ అయిపోతానే పాప పేపర్లు పక్కన పడేసి "తెల్సిపోయింది మా, ఆ బుట్టామే ఏదో చేసింటాది" అనింది. ఎందుకే అంటే "ఆమె అట్లాంటిదే కదా". అట్లాంటిదంటే ఎట్లాంటిది? జవాబు లేదు. ఆరో క్లాసు పిల్లకి ఇది ఎవరు నేర్పిచ్చినారబ్బా అని బుర్ర బద్దలు కొట్టుకుంటే, తీరా చూస్తే నేనే. అన్నం తినకుంటే ఎరుకలామెకి ఇచ్చేస్తానని ఎన్నిసార్లు బెదిరించినానో, మా అమ్మ నన్ను బెదిరించినట్లే.

1871లో తెల్లదొరలు ఒక చట్టం చేసినారు, కొన్ని కులాలోళ్ళు పుట్టుకతోనే నేరస్తులంట. తర్వాత్తర్వాత ఎరుకలోళ్ళని కూడా ఆ లిస్టులోకి తోసినారు. చట్టం 1952లో పోయింది, మా అమ్మ పుట్టింది ఆ తర్వాతే, ఆ బెదిరింపు మాత్రం పోలేదు.

అయినా ఆ అవ్వ కథ నేను కల్పించింది కాదు. 1994లోనో 95లోనో, తాతయ్యగుంట గంగమ్మ గుడికి నడిచిపోయేంత దూరంలో మా వీధి, ఎదురింటి అవ్వ నిజంగానే కనపడలేదు. మర్నాడు సోదామె మామూలుగా వీధిలోకొస్తే నలుగురు మగోళ్ళు అడ్డంపడి బుట్ట లాక్కోని రోడ్డు మీద బోర్లించినారు. గవ్వలు, గుప్పెడు బియ్యం, సన్న కోల, సగం కొరికిన బన్ను. ఆ బన్ను నాకు ఇప్పటికీ గుర్తే. నేను మా అరుగు మీద నిలబడి చూస్తా ఉన్నా, దొంగ దొరికిందని సంబరంగా కూడా ఉండింది, అబద్ధం ఎందుకు.

మూడో రోజు అవ్వ నున్నటి గుండుతో, లడ్ల సంచితో రిక్షా దిగింది. మొక్కంట. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఒక్కతే ఎక్కిందంట, చెప్తే ఈ వయసులో వద్దంటారని చెప్పలేదంట. దేవుడి పటాల పక్కన మేకుకి ఎప్పుడూ వేలాడే పసుపుగుడ్డ ముడుపు లేదని ఒక్కరు కిటికీలోంచి తొంగిచూసి కనిపెట్టింటే ఆపొద్దే తేలిపోయేది. నా పిల్లకాయలకి ఆ క్లూనే ఇచ్చినా.

ఇదంతా చెప్తే పాప "మరి ఆమెకి సారీ చెప్పినారా?" అనింది. లడ్లు వీధంతా పంచినారు. ఆమె మళ్ళీ మా వీధికి రాలేదు, బుట్ట కూడా వదిలేసి పోయింది. మంచి బుట్ట, గట్టి అల్లిక, మా అమ్మ కడిగి ఎండబెట్టి అందులో ఎర్రగడ్డలు పోసి పెట్టింది, నేను ఇంటర్‌కొచ్చేదాకా వంటింట్లోనే ఉండింది.