పగడం రంగు పోయిందా? పోయి ఏ రంగు వచ్చింది?

మే నెల వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, కోరల్ రంగు పోతున్నది, ఏం మందు వెయ్యాలె?" కోరల్ అంటే పగడమే. మా నల్గొండలో ఇంట్లో ఉప్పునీటి ట్యాంకు పెట్టి బతికున్న పగడాలు పెంచేవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందుకే ఒకరి ట్యాంకులో ఏదైనా అయితే సాయంత్రానికల్లా అందరికీ తెలుస్తుంది, తలా ఒక సలహా పడేస్తారు. నేను మాత్రం ముందు ఒకటే అడుగుతాను: రంగు పోయి తెల్లబడిందా, బ్రౌన్‌కు తిరిగిందా? ఈ రెండింటికీ చేయాల్సిన పని ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. అది చూడకుండా చెయ్యి పెడితే ఉన్న రంగు కూడా పోతుంది.

పగడం ఒంట్లో కంటికి ఆనని నాచు కణాలుంటాయి. జూక్సాంథెల్లే అంటారు. ఆ బ్రౌన్ రంగు వాటిదే. వెలుతురుతో అవి తయారుచేసే తిండిలో ఎక్కువ భాగం పగడానికే పోతుంది, దాని బతుకంతా దాని మీదే. మనం డబ్బులు పోసి కొనే పచ్చ, గులాబి, ఊదా మాత్రం పగడం సొంతంగా చేసుకునే ప్రొటీన్ల రంగులు. నాచు కణాలు బయటికి పోతే పగడం తెల్లబడుతుంది. అవి మితిమీరి పెరిగితే సొంత రంగులు బ్రౌన్ కింద కప్పబడిపోతాయి.

తెల్లబడటానికి మన దగ్గర మొదటి కారణం ఎండే. ట్యాంకు నీళ్ళు 25, 26 డిగ్రీల దగ్గర ఉంటే పగడాలకు హాయి. 30 దాటి రోజుల తరబడి నిలబడితే కష్టం మొదలైనట్టే. సముద్రంలోనైనా అంతే, మామూలు వేసవి గరిష్ఠం మీద ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే చాలు, దిబ్బలకు దిబ్బలే తెల్లబడతాయి. 2024లో ప్రపంచవ్యాప్తంగా అదే జరిగింది, మన లక్షద్వీప్ కూడా తప్పించుకోలేదు. వేడీ వెలుతురూ రెండూ ఎక్కువైనప్పుడు నాచు కణాల్లో పనితీరు దెబ్బతిని, హాని చేసే ఆక్సిజన్ రూపాలు పుడతాయి. అప్పుడు పగడం తన అన్నదాతనే బయటికి గెంటేస్తుంది.

ఇది కంటితో చూడొచ్చు. లైట్లు ఆరిపోయాక టార్చి పట్టుకుని మష్రూమ్ కోరల్ (పుట్టగొడుగు గొడుగులా గుండ్రంగా ఉండే మెత్తటి రకం) దగ్గరికి వెళ్ళండి. నడిమధ్యన ఉన్న నోరు కొద్దిగా తెరుచుకుని, అందులోంచి సన్నటి బ్రౌన్ పోగు ఒకటి జిగురుగా వేలాడుతూ కనపడుతుంది. చాలామంది దాన్ని మలం అనుకుని వదిలేస్తారు. అలాంటి పోగులు రోజూ వస్తూ, అంచులు పలచబడి, కింది రాయి లీలగా కనిపిస్తుంటే బ్లీచింగ్, అంటే తెల్లబడటం, మొదలైందని అర్థం. అప్పటికీ అది చచ్చిపోలేదు, ఆకలితో ఉంది. ఈ తేడా తెలియక బతికున్నదాన్ని తీసి పారేసినవాళ్ళను చూశాను.

ట్యాంకు నీళ్ళను చల్లబరిచే చిల్లర్ మిషను కొనే స్తోమత అందరికీ ఉండదు. నీటి పైభాగానికి ఒక చిన్న ఫ్యాన్ తిప్పితే, నీళ్ళు ఆవిరవుతూ రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. మా పొడి ఎండల్లో అది బాగానే పనిచేస్తుంది. కూలర్‌ను గది లోపలే పెట్టి తలుపులు బిగించుకుంటే మాత్రం గదంతా చెమ్మ పట్టి ఫ్యాన్ ఉన్నా లేనట్టే. ఇంకొకటి, ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు కాదు. రోజూ ఉత్త ఆర్వో నీళ్ళతో నింపకపోతే ఉప్పు ఎంతుందో చెప్పే సాంద్రత 1.025 నుంచి మెల్లగా పైకి పాకుతుంది. వేడి తగ్గించామన్న సంతోషంలో ఉప్పు సంగతి మరిచిపోతే పగడం మళ్ళీ ముడుచుకుంటుంది. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ముందు నీళ్ళను కదిలించే వేవ్‌మేకర్ నడవాలి, లైటు ఆగినా నష్టం లేదు. వేడి నీళ్ళలో ఆక్సిజన్ ఎలాగూ తక్కువ.

మిర్యాలగూడలో రైస్ మిల్లు ఉన్న ఒక తమ్ముడిది వేరే కథ. నీళ్ళు 26 డిగ్రీలే, ఉప్పు సరిగ్గానే ఉంది, అయినా మష్రూములు నెల నెలా పాలిపోతున్నాయి. ట్యాంకు చూస్తే అద్దంలా మెరుస్తోంది, గాజు మీద పిసరంత పాకుడు లేదు. అక్కడే అనుమానం వచ్చింది. టెస్ట్ కిట్‌లో నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా. ఫాస్ఫేట్ పీల్చే మందు సంచీ సంప్‌లో (ట్యాంకు కింద నీళ్ళు వడకట్టే తొట్టిలో) వేలాడుతోంది, అమ్మినాయన "ఎంత వేస్తే అంత మంచిది" అన్నాడట. నేను వడ్ల భాషలో చెప్పాను: "యూరియా ఎక్కువైతే మడి నల్లబడ్తది, అసలే లేకపోతే పసుపెక్కుతది. నీ ట్యాంకు రెండోది." నాచు కణాలకూ ఎరువు కావాలి. ముఖ్యంగా ఫాస్ఫేట్ బొత్తిగా లేకపోతే అవి కాస్త వేడికీ వెలుతురుకూ తట్టుకోలేవు. సంచీ తీసేయించి, చేపలకు మేత పెంచమని చెప్పాను. నైట్రేట్ 5 పీపీఎమ్, ఫాస్ఫేట్ 0.05 దరిదాపుల్లో ఉంటే చాలు. లైటు కూడా కొంత తగ్గించాడు.

బ్రౌన్‌కు తిరిగిందంటే దీనికి తలకిందులు. మేత ఎక్కువ, నైట్రేట్ ఎక్కువ, లేదా వెలుతురు తక్కువ. మేత తగ్గించి, నీళ్ళు మార్చి, లైటును వారం వారం కొద్దికొద్దిగా పెంచాలి. ఒక్కరోజులో ఫుల్ పెడితే బ్రౌన్ పోయి తెలుపొస్తుంది. షాపులో మసక వెలుతురులో ఉన్నదాన్ని తెచ్చి కొత్త ఎల్‌ఈడీ కింద పెట్టినా అంతే. ఇంకో తమాషా ఏమిటంటే, కొందరి పగడాలకు అసలేమీ కాదు. షాపులో ముదురు నీలం లైటు కింద నియాన్ పచ్చగా వెలిగినది, ఇంట్లో తెల్ల లైటు కింద మట్టి రంగులో కనిపిస్తుంది. మీ లైటులో నీలం వెలుతురు పెంచి చూడండి, టెన్షన్ తగ్గుతుంది.

నల్గొండ అనగానే అందరూ "ఫ్లోరైడ్ నీళ్ళలో పగడాలా?" అని నవ్వుతారు. సముద్రపు నీటిలోనే లీటరుకు 1.3 మిల్లీగ్రాముల దాకా ఫ్లోరైడ్ ఉంటుంది. తాగే నీటికి మన దేశంలో పెట్టిన గరిష్ఠ పరిమితి 1.5. కాబట్టి పగడానికి దాని భయం లేదు. నాకు భయమంతా బోరు నీటిలో కరిగి ఉన్న మిగతా సరుకు మీద, పొలాల పక్క బోర్లయితే నైట్రేట్ మీద. నల్లా నీళ్ళయితే క్లోరిన్, పటిక. పటికలోని అల్యూమినియం నీటిలో మిగిలితే లెదర్ కోరల్ అనే మెత్తటి పగడం విప్పుకోకుండా మొండికేస్తుంది. ఇంట్లో తాగే ఆర్వో సరిపోదు, రుచి కోసం అందులో కొంత టీడీఎస్, అంటే కరిగిన లవణాలు, ఉంచుతారు. దాని తర్వాత, మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ రెసిన్ ఫిల్టర్ పెట్టి, టీడీఎస్ మీటరు సున్నా చూపించాకే ఉప్పు కలపాలి.

మిల్లు తమ్ముడు మళ్ళీ ఫోన్ చేశాడు. "అన్నా, ఇప్పుడు బ్రౌన్ అయితున్నయే!" అవనీ, లైటు ముట్టుకోకు అన్నాను. తెల్లబడ్డది కోలుకునేటప్పుడు ముందు నాచే తిరిగొస్తుంది, అసలు రంగు ఆ తర్వాతే. ఇప్పుడవి నిలదొక్కుకున్నాయి గనుక హామర్ కోరల్ కావాలంటున్నాడు. అది రాతి పగడం, అంటే మష్రూమ్‌లా మెత్తగా కాక లోపల గట్టి సున్నపు గూడు కట్టుకునే రకం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో రాతి పగడాలన్నీ పులితో పాటు గట్టి రక్షణ ఉండే మొదటి షెడ్యూల్‌లోనే ఉన్నాయి, మన సముద్రంలోంచి తీసినవి కొన్నా అమ్మినా నేరమే. అలాంటివి ఎవరి దగ్గర దొరుకుతాయని నన్ను అడగొద్దని చెప్పేశాను. నాలుగు రోజులు అలిగాడు.