రాయని కథే చదువును తినేసింది

గ్రూప్-2కి చదువుతూ పక్కన కథో కవితో రాసుకునే అలవాటు ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మనలాంటివాళ్లు తక్కువే, కానీ ఉన్నారు. శ్రీకాకుళంలో నేను కూర్చున్న స్టడీ హాల్లోనే ఇద్దరు కవితలు రాసేవాళ్లు. రఫ్ నోట్సు చివరి పేజీల్లో రాసి, ఎవరైనా వస్తే మూసేసేవాళ్లు. నేనూ అలాగే మూసేదాన్ని.

ముందే చెప్పేస్తాను, నాకింకా ఉద్యోగం రాలేదు. 2024 ఫిబ్రవరి 25న ప్రిలిమ్స్ రాసి దాటాను. 2025 ఫిబ్రవరి 23న మెయిన్స్ రాశాను. ఆ తర్వాత వచ్చిన లిస్టులో నా నంబరు లేదు. పక్క సీటు అక్క చెప్పిన మాటలుగా చదవండి.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్కనున్న ఉద్దానం. కొబ్బరి, జీడి తప్ప మా ఇంటికి వేరే ఆధారం లేదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. వెలుగొచ్చాక తోటలోకి వెళ్తే చెట్లన్నీ ఒకే వైపు తల పెట్టి పడుకుని ఉన్నాయి. నాన్న ఒక్కో మొదలు మీద చెయ్యి వేసుకుంటూ నడిచాడు, ఒక్క మాట అనలేదు. కొబ్బరి మొక్క నాటితే కాపుకొచ్చేసరికి ఆరేడేళ్లు పడుతుంది. ఆ ఆరేడేళ్లు ఇల్లు గడవడానికి ఎవరో ఒకరు సంపాదించాలి. నా గవర్నమెంటు ఉద్యోగం ఆలోచన అక్కడ మొదలైంది. నా మొదటి కథా అక్కడే మొదలైంది.

డిగ్రీ అయ్యాక శ్రీకాకుళంలో రూమ్ తీసుకున్నప్పుడు ఒట్టు పెట్టుకున్నాను, ఉద్యోగం వచ్చేదాకా కథ ముట్టుకోనని. అందరూ ఇచ్చే సలహా కూడా అదే కదా. నా అనుభవంలో అది తప్పు సలహా. ముందు పాలిటీ పుస్తకం ఉంటుంది, 73వ సవరణ, పదకొండో షెడ్యూలు, 29 అంశాలు. అవి చదువుతూనే మనసులో ఒక ముసలామె జీడిపిక్కలు కొడుతూ కోడలితో గొడవపడుతుంటుంది. ఆమె ఏమంటుందో వింటూ నేను పేజీ తిప్పేస్తాను. ఒకరోజు లెక్క వేసుకుంటే పొద్దున్నుంచి తొమ్మిది గంటలు సీట్లో ఉన్నాను, నిజంగా చదివింది పద్నాలుగు పేజీలు. ఆ రాత్రి ఒట్టు పక్కన పెట్టి ఆ ముసలామె గొడవ రెండు పేజీలు రాసేశాను. మర్నాడు ఆమె మళ్లీ రాలేదు. రాసిన కథ మనల్ని వదిలేస్తుంది. నా గంటలన్నీ తిన్నది రాయకుండా మోసుకు తిరిగిన కథే.

అప్పట్నుంచి చదివేటప్పుడు పక్కన చిన్న చీటీలు పెట్టుకుంటాను. కథకు సంబంధించి ఏదైనా తోస్తే ఒక్క వాక్యం రాసి, చీటీ మడిచి పుస్తకం అట్టలో పెట్టేస్తాను. రెండో వాక్యం రాయను, చదువులోకి వచ్చేస్తాను. చీటీలో పడిన మాట పోదని మనసుకు నమ్మకం కుదరాలి. నాకు పదిహేను ఇరవై రోజులు పట్టింది.

ప్రిలిమ్స్‌లో 92,250 మందిని మెయిన్స్‌కి తీసుకున్నారు. అందులో నేనున్నానని తెలిసిన కొన్నాళ్లకే నాన్నకు డయాలసిస్ మొదలైంది. ఉద్దానం వాళ్లకు ఇది కొత్త మాట కాదు. కారణం ఇదీ అని ఇప్పటికీ గట్టిగా తేలని కిడ్నీ జబ్బు మా పక్క వీధిలోనూ ఉంది, ఎదురింట్లోనూ ఉంది. తమ్ముడు చెన్నైలో పనిలో ఉన్నాడు, అమ్మ తోట వదిలి రాలేదు. డయాలసిస్ వారానికి మూడు రోజులు, వెళ్లిన ప్రతిసారీ నాలుగు గంటలు, రానుపోను ప్రయాణం అదనం. రూమ్ ఖాళీ చేసి ఇంటికి వచ్చేశాను. మెయిన్స్ అప్పటికి జూలై 28న ఉంది. బస్సులో కూర్చుని ఎన్ని రోజులు పోతాయో వేళ్ల మీద లెక్కపెట్టుకుని ఏడ్చాను.

డయాలసిస్ చేసే చోట నాన్న మంచం పక్కన స్టూలు మీద కూర్చోనిచ్చేవాళ్లు. మెషీన్ మీద ఇంకా ఎంత టైముందో అంకెల్లో కనిపిస్తుంది. 4:00తో మొదలై తగ్గుతూ వస్తుంది. నేను పెట్టుకున్న పద్ధతి ఏమిటంటే 4:00 నుంచి 3:20 దాకా కథ, 3:20 తర్వాత పుస్తకం. చదువు అయ్యాక బహుమతిగా రాసుకోమని చాలామంది చెబుతారు. నాకు అది కుదరలేదు. కథ మిగిలి ఉంటే చదువుతున్నంతసేపూ దాని మీదే ధ్యాస ఉండేది. ముందు నలభై నిమిషాలు రాసేస్తే బుర్ర తేలికపడి, మిగిలిన మూడు గంటల ఇరవై నిమిషాలు నిజంగా చదివేదాన్ని. నా ప్రిపరేషన్ మొత్తంలో గట్టిగా చదివిన గంటలు ఆ స్టూలు మీదివే.

ఒకరోజు నాన్న చూసి, "ఏటమ్మా అది? పాఠమేటి?" అన్నాడు. కథ అని చెప్పాను. కాసేపు ఊరుకుని, "మరి సదువు, ఇంటాను" అన్నాడు. ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపిన చోటు, ఉన్న చెయ్యి కదపకూడదు. ఆ చేతి మీద వేళ్లు ఆనిస్తే లోపల తేనెటీగ ఉన్నట్టు సన్నగా జుమ్మంటూ ఉంటుంది. రెండో చెయ్యి గడ్డం కింద పెట్టుకుని విన్నాడు.

మెయిన్స్ జూలై నుంచి జనవరి 5కి, అక్కడి నుంచి ఫిబ్రవరి 23కి వాయిదా పడింది. మొదటి వాయిదాకి ఊపిరి పీల్చుకున్నాను. రెండోసారి మాత్రం చదివిందంతా చేతుల్లోంచి జారిపోతున్నట్టు టెన్షన్ పట్టుకుంది. మధ్యలో నాన్నకు ఇన్‌ఫెక్షన్ వచ్చి రెండు వారాలు చదువూ లేదు, కథా లేదు. ఆ రెండు వారాల బాకీ తీర్చాలని రోజుకు పన్నెండు గంటల టైమ్‌టేబుల్ రాయొద్దు. నేను రాశాను, మూడో రోజుకే పడిపోయాను.

కథ రాసేవాళ్లు జాగ్రత్తపడాల్సిన చోటు ఒకటుంది. ఏపీ చరిత్ర గుర్తుండటానికి నేను ఘటనల్ని చిన్న కథలుగా రాసుకునేదాన్ని. పద్మనాభ యుద్ధం అలాగే రాశాను. పేష్కష్ (కప్పం) బకాయిల దగ్గర ఈస్టిండియా కంపెనీతో తగువు, విజయనగరం చిన విజయరామరాజు యుద్ధంలో చనిపోవడం, అదంతా గడప దగ్గర కూర్చున్న ఒక ముసలివాడి నోట చెప్పించాను. అందంగా ఉంటుందని కార్తీక దీపాలు కూడా పెట్టాను. తర్వాత మాక్ టెస్టులో ఆ యుద్ధం ఎప్పుడన్న బిట్ వస్తే తడుముకోకుండా నవంబర్ పెట్టేశాను. అది 1794 జూలై 10. నా కథే నాకు తప్పు జవాబు నేర్పింది, పైగా మూడో వంతు మార్కు మైనస్. అప్పట్నుంచి చరిత్రను కథగా రాసినా నేను కల్పించింది పెన్సిల్‌తో, పుస్తకంలోది పెన్నుతో రాస్తున్నాను.

ఇంకొకటి. మెయిన్స్‌లో నేను పోయింది పేపర్-2లో. కథ వల్ల టైము పోయి కాదు, మనుషులు కనిపించని చాప్టర్లు నేను దాటేస్తూ వచ్చాను. చరిత్రలో మనుషులుంటారు, ఇష్టంగా పదిసార్లు చదివాను. బడ్జెట్ పట్టికలు, సైన్స్ అండ్ టెక్నాలజీ మాత్రం ఒకసారి చూసి వదిలేశాను. ఆ పేపర్లో ఎకానమీకి 75, సైన్స్ అండ్ టెక్నాలజీకి 75 మార్కులు ఉన్నాయని తెలిసే వదిలేశాను. రాసే అలవాటున్నవాళ్లు మీ నోట్సు ఒకసారి తిరగేసి చూడండి, ఈ గుంటలు మీకూ కనిపించవచ్చు. ఇప్పుడు ఎకానమీని ఇంటి లెక్కల్లోంచి చదువుతున్నాను. ఎండు కొబ్బరికి కేంద్రం మద్దతు ధర ప్రకటిస్తుంది, జీడిపిక్కకు అది లేదు. ఈ తేడా మా నాన్న బస్తాలు తూకం వేయించిన రోజుల్లోంచి గుర్తుండిపోయింది. దాని పక్కనే మిగతా పంటల జాబితా కూడా నిలబడింది.

ఫలితాలు వచ్చాక వారం రోజులు బయటికి రాలేదు. తర్వాత ఒక పని మీద శ్రీకాకుళం వెళ్లి కథానిలయంలోకి అడుగు పెట్టాను. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో స్థాపించిన ఇల్లు అది. బీరువాల నిండా పాత పత్రికలు. ఆయన విశాఖలో బడిలో పాఠాలు చెబుతూ, ఇల్లు నడుపుతూ కథలు రాసిన మనిషి. అక్కడ పాత సంచికలు తిరగేస్తూ రెండు గంటలు కూర్చుని, బస్సెక్కి వచ్చి ఎకానమీ పుస్తకం తెరిచాను.

రేపు శనివారం, నాన్నను తీసుకెళ్లే రోజు. బ్యాగులో ఎకానమీ నోట్సు, చీటీలు, పెన్సిల్, ఆయన తాగాల్సిన కొలత నీళ్ల సీసా సర్దుకున్నాను. కిందటిసారి 3:20 అయిందని కథ మధ్యలో ఆపేశాను. అందులో తుఫాను తర్వాత బడి మానేసిన పిల్ల ఒకతి ఉంది. రాత్రి అన్నం తింటూ నాన్న అడిగాడు, "ఆ గుంట మళ్లీ బడికెల్లిందా?" అని. ఇంకా రాయలేదని చెప్పాను.