ప్రాజెక్టుతో పాటే ఉండవలసిన జేవీఎం ఆప్షన్లు

అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసే మా మేనమామ గారి దింపు (కాయల కోత) లెక్కల కోసం నేను జావాలో రాసిన ప్రోగ్రాం, అమలాపురంలో నా ల్యాప్‌టాప్ మీద ఏనాడూ మొరాయించలేదు. ఆయన కొట్లోని పాత విండోస్ కంప్యూటర్‌లో పెట్టిన మొదటి రోజునే బిల్లుల ఫైళ్లలో రైతుల పేర్లకు బదులు ప్రశ్నార్థకాలు బారులు తీరాయి. ఏడాది లెక్క తీయబోతే మెమరీ చాలదంటూ ప్రోగ్రాం ఆగిపోయింది. "ఏం అల్లుడూ, ఇన్ని ప్రశ్నలూ నన్నేనా?" అన్నారాయన.

మనం ఏమీ చెప్పకపోతే జేవీఎం (జావా ప్రోగ్రాంలను నడిపే జావా వర్చువల్ మెషిన్) సాధారణంగా కంప్యూటర్ మెమరీలో నాలుగో వంతును హీప్‌కు, అంటే ప్రోగ్రాం తన డేటా ఉంచుకునే చోటుకు, గరిష్ఠ పరిమితిగా పెట్టుకుంటుంది. నా 16 జీబీ యంత్రంలో 4 జీబీ దొరికిన ప్రోగ్రాంకు, కొట్లోని 4 జీబీ యంత్రంలో 1 జీబీయే దక్కింది. ఆ పరిమితిని మార్చే ఎక్స్‌ఎమ్‌ఎక్స్ (-Xmx) ఆప్షన్‌తో దానిని 1,536 ఎంబీ చేశాను. క్లాసుల వివరాలకూ థ్రెడ్ల స్టాక్‌లకూ జేవీఎం హీప్‌కు వెలుపల మరికొంత తీసుకుంటుంది కనుక అంతకు మించి సాహసించలేదు. అయినా ఫలితం కనిపించలేదు. ప్రోగ్రాంను ప్రారంభించే బ్యాచ్ ఫైలులో ఆ ఆప్షన్‌ను జార్ ఫైలు (ప్రోగ్రాం ఉన్న ఫైలు) పేరుకు తరవాత రాశానని గ్రహించడానికి ఒక పూట పట్టింది. అక్కడ రాసినది జేవీఎంకు చేరదు, ఏ హెచ్చరికా లేకుండా ప్రోగ్రాంకు ఆర్గ్యుమెంట్‌గా వెళ్లిపోతుంది.

ప్రశ్నార్థకాలకు మూలం ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలను ఫైలులో అంకెలుగా దాచే పద్ధతి. జేడీకే (జావా కిట్) 18 (2022) నుండి, తెలుగుతో సహా అన్ని లిపులూ పట్టే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్ దానంతటదే అమలవుతుంది. కొట్లో ఉన్నది 17, అది తెలుగు అక్షరాలు లేని విండోస్ కోడ్ పేజీని (పాత అక్షరాల పట్టికను) అనుసరించింది. ఫైల్ ఎన్‌కోడింగ్ ఆప్షన్‌తో పని జరిగింది గాని, కోడ్‌లోనే యూటీఎఫ్-8 అని రాయడం ఇంకా సరైన పద్ధతి.

వీటిని ఎక్కడ ఉంచాలన్నది అసలు ప్రశ్న. జావా టూల్ ఆప్షన్స్ (JAVA_TOOL_OPTIONS) అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో, అంటే ప్రోగ్రాంలు చదువుకునే సిస్టమ్ సెట్టింగ్‌లో, పెడితే, దానిని చూడగలిగే ప్రతి జావా ప్రోగ్రాంకూ అవే అంటుకుంటాయి. కోడ్‌ను ప్రోగ్రాంగా తయారుచేసే (బిల్డ్ చేసే) సాధనం గ్రేడిల్. దాని ప్రాపర్టీస్ ఫైలులోని జేవీఎం ఆర్గ్స్ బిల్డ్ ప్రక్రియకే పరిమితం. అక్కడ పెట్టి ప్రోగ్రాంకు వర్తిస్తాయనుకోవడం నేనూ చేసిన పొరపాటే. చివరకు బిల్డ్ ఫైలులో అప్లికేషన్ డిఫాల్ట్ జేవీఎం ఆర్గ్స్ కింద చేర్చాను. గ్రేడిల్ వాటిని విండోస్, లినక్స్ ప్రారంభ స్క్రిప్టులు రెండింటిలోనూ తానే రాస్తుంది, బిల్డ్ ఫైలు కోడ్‌తో పాటు గిట్‌లో (కోడ్ మార్పులను భద్రపరిచే సాధనంలో) ఉంటుంది.

కొత్త బిల్లులు సరిగ్గానే వస్తున్నాయి. పాత ఫైళ్లలో ప్రశ్నార్థకాలుగా మారిన పేర్లను ఏ ఆప్షనూ వెనక్కి తేలేదు కనుక, వాటిని మామయ్య గారి చిట్టా చూసి నేనే మళ్లీ ఎక్కించాను.