చెయ్యి పట్టి నేర్పిన పని

ఒసాకా నుంచి తిరిగొచ్చి నేటికి ఏడాది. విదేశీ ఉద్యోగులకు పని నేర్పే జపాన్ సంస్థ ఏఓటీఎస్ ఇచ్చిన శిక్షణ అది, ఆ సంస్థ 1959 నుంచి నడుస్తోంది. ఖర్చులో కొంత జపాన్ ప్రభుత్వం పెట్టుకుంది, మిగతాది మా కంపెనీ.

హైదరాబాద్ బాలానగర్‌లో పన్నెండేళ్లుగా మోల్డులు, అంటే అచ్చులు, చేస్తున్నాను. 1968లో ఐక్యరాజ్య సమితి సాయంతో సీఐటీడీ అనే టూల్ డిజైన్ శిక్షణ సంస్థ వచ్చిన చోటు ఇది, మా సీనియర్లు చాలామంది అక్కడ చదివినవాళ్లే. అయినా అద్దంలాంటి పాలిష్ కావాలంటే మా కస్టమర్లు బయటి దేశానికే ఆర్డర్ ఇచ్చేవారు. అది నేర్చుకు రమ్మనే నన్ను పంపారు.

అక్కడ నేర్పిన పెద్దాయనకి డెబ్బై దగ్గర. పాలిష్ పట్టే రాయిని ఎంత ఒత్తాలో మాటల్లో చెప్పలేదు. నా చేతి మీద తన చెయ్యి వేసి రుద్దించారు. రాయి నంబర్, అంటే దాని గరుకు, మార్చినప్పుడల్లా రుద్దే దిశ కూడా మార్చాలి, పాత గీత ఒక్కటి మిగిలినా ముందుకు పోనివ్వరు. మెషీన్ ఆన్ చేసే ముందు గేజ్‌ని వేలితో చూపించి "యోషీ!" (అంటే "సరిగ్గా ఉంది") అని గట్టిగా అనేవారు. ప్రతిసారీ.

వచ్చాక మూడు నెలలు నన్ను పాత పనిలోనే ఉంచారు. చాలా బాధేసింది. మనిషిని పంపితే సరిపోతుందా, వచ్చినవాడి దగ్గర నలుగురు నేర్చుకోవద్దా?

ఇప్పుడు రోజూ సాయంత్రం ఇద్దరు ఐటీఐ పిల్లలు నా దగ్గర రాయి పడుతున్నారు. నిన్న వాళ్లలో ఒకమ్మాయి, నేను చెప్పకుండానే, గేజ్ వైపు వేలు చూపించి "యోషీ" అంది.