శనివారం దిగితే పులుసు ఉండదు

కప్పు కాఫీ 220 రూపాయలు. హైదరాబాదులో అయితే పెదవి విరిచి ఊరుకునేదాన్ని. ఇది నెల్లూరు, మాగుంట లేఅవుట్, నేను పుట్టి పెరిగిన ఊరు కాబట్టి కడుపు మండింది. మెనూ చివరిదాకా తిరగేసి, మళ్లీ మొదటి పేజీకి వచ్చి, "ఫిల్టర్ కాఫీ లేదా బాబూ?" అని అడిగాను. ఆ పిల్లవాడు ఎంతో మర్యాదగా, "లేదు మేడమ్, మా దగ్గర అన్నీ ఇటాలియన్" అన్నాడు. మద్రాసుకు మూడు గంటల దూరంలో కూర్చుని ఫిల్టర్ కాఫీ లేకుండా కాఫీ షాపు నడపాలంటే గుండె ధైర్యం ఉండాలి.

నిజానికి నేను నెల్లూరు వచ్చింది కాఫీ కోసం కాదు, చేపల పులుసు కోసం. పొద్దున సింహపురి ఎక్స్‌ప్రెస్ దిగి ఇంటికి చేరి, చేతిలో సంచి కింద పెట్టకముందే అమ్మను అదే అడిగాను. "ఈ రోజు శనివారం" అంది. అంతే, ఆ సంగతి అక్కడితో ముగిసింది. మా ఇంట్లో శనివారం వెంకటేశ్వరస్వామిది, ఆ రోజు పొయ్యి మీదికి నీచు ఎక్కదు. ఆదివారం చేపలు తెస్తుంది, పులుసు పెడుతుంది. కానీ ఆ పూటే తింటామంటే మాత్రం ఒప్పుకోదు. పులుసు ఒక రాత్రి నిలవాలి, ముక్కకు పులుపు పట్టాలి, సోమవారం పొద్దున తినాలి. నా తిరుగు రైలేమో ఆదివారం సాయంత్రం. నాకు సెలవులు శని, ఆదివారాల్లోనే దొరుకుతాయని చెప్పి చూశాను. "మీ ఆఫీసు వాళ్లకు తెలియకపోతే నేనేం చేయను?" అంది.

అలా శనివారమంతా స్నేహితురాళ్ల చేతికి చిక్కాను. ముగ్గురం ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్లం. ఒకామె కోవూరు దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచరు. ఇంకొకామె భర్తకు ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువులున్నాయి, లెక్కలన్నీ ఈమే చూస్తుంది. మైపాడు వెళ్లి సముద్రం చూసి వద్దామని ముందు రోజు ఫోనులో అనుకున్నాం. మే నెల నెల్లూరు ఎండలో గుమ్మం దాటగానే ఆ ఆలోచన అందరం మానుకున్నాం. "కొత్తగా పెట్టారు, ఏసీ బాగుంటుంది" అంటూ నన్ను ఆ కాఫీ షాపుకు పట్టుకెళ్లారు.

ఏసీ బాగానే ఉంది. గాజు గోడలు, ఆకుపచ్చ ప్లాస్టిక్ తీగలు, గోడ మీద ఇంగ్లీషు సూక్తులు. ఇదే షాపును ఎత్తి బెంగళూరులో పెట్టినా, విజయవాడలో పెట్టినా ఎవరూ తేడా కనిపెట్టలేరు. నా కోపమంతా దాని మీదే. ఊరికి వచ్చిన మనిషికి ఊరు కనపడకుండా కట్టారు.

మా రొయ్యల స్నేహితురాలికి శనివారం పట్టింపు లేదు. "రొయ్యలకు వారాలు తెలియవు" అంటుంది. ఏదో పేరున్న వేపుడు రొయ్యలు తెప్పించింది, 340 రూపాయలు. చిన్న ఇనుప బుట్టలో కాగితం పరిచి, పక్కన తెల్లటి సాసు గిన్నె పెట్టి తెచ్చారు. ఆమె ఒక రొయ్యను తోక పట్టుకుని పైకెత్తి, పిండి కాస్త గిల్లి లోపలికి చూసి, "ఇది వంద కౌంట్ కూడా కాదే" అంది. కిలోకు ఎన్ని తూగితే అంత కౌంట్ అట. ముప్పై కౌంట్ అంటే దిట్టమైన రొయ్య, వంద అంటే చిన్నది. అంకె పెరిగే కొద్దీ ధర తగ్గుతుంది. ఇన్నేళ్లు నెల్లూరులో బతికి ఈ లెక్క నాకు తెలియదు. బుట్టలో పన్నెండున్నాయి. "వంద కౌంట్ అనుకున్నా నూట ఇరవై గ్రాములు. మా చెరువు గట్టు మీద వీటికి ముప్పై రూపాయలు వస్తే గొప్ప. మిగతాదంతా పిండికీ, బుట్టకీ" అని తేల్చి, శుభ్రంగా తొమ్మిది తినేసింది.

తింటూనే చెప్పుకొచ్చింది. చిన్నప్పుడు మనం చూసిన టైగర్ రొయ్య తెల్లమచ్చల తెగులుతో దెబ్బతింది. ఇప్పుడు చెరువుల నిండా వనామీయే. దాని సొంత ఊరు మెక్సికో, పెరూ తీరాలు. అక్కడి రొయ్య ఇందుకూరుపేటలో పెరిగి, ఎక్కువగా అమెరికా వాళ్ల పళ్లెంలోకి పోతుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు వాళ్ల ఇంట్లో సీరియళ్లు ఆపేసి వార్తలే పెట్టుకున్నారట. "మా అత్తగారికి కూడా ట్రంప్ ముఖం కంఠతా వచ్చేసింది" అంది. రాత్రిళ్లు చెరువు నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు ఆగితే నిద్ర పట్టదని కూడా చెప్పింది. చప్పుడుకు ఎవరైనా లేస్తారు, వీళ్లు చప్పుడు ఆగితే లేస్తారు. కరెంటు పోయి నీళ్లలో గాలి తగ్గితే తెల్లారేసరికి రొయ్యలు తేలిపోతాయి మరి.

నేను ధర గురించి సణుగుతూనే ఉన్నాను. టీచరమ్మ ఇక భరించలేక, "కాఫీకి కాదే ఇచ్చేది, కుర్చీకి" అంది. అప్పుడు చుట్టూ చూశాను. పక్క బల్ల దగ్గర కోచింగ్ సంచులతో నలుగురు ఆడపిల్లలు, మధ్యలో ఒకే ఒక్క గ్లాసు. మూల బల్ల దగ్గర ఒక నడివయసు తల్లి, కూతురు. ఇద్దరూ ఫోనులో చీరల బొమ్మలు చూస్తూ ఎంతకూ లేవడం లేదు. మేము కూర్చుని రెండు గంటలు దాటింది. లెమ్మని ఎవరూ అనలేదు.

మా కాలంలో ఆడపిల్లలు ముగ్గురు కలిసి కూర్చోవడానికి ఈ ఊళ్లో చోటెక్కడుంది? టీ అంగళ్లన్నీ మగవాళ్లవి. ట్రంకు రోడ్డు హోటళ్లలో ఫ్యామిలీ రూములని చెక్క గదులుండేవి. వాటి ముందు నూనె మరకల తెర వేలాడేది. లోపలికి వెళ్లాలన్నా నాన్నో బాబాయో వెంట ఉండాలి. తెర అవతల ఎవరు తింటున్నారో వాళ్లకు తెలియదు, ఇవతల ఎవరున్నారో మాకు తెలియదు. మాకు మిగిలింది రంగనాయకుల గుడి మెట్లు. ఎదురుగా పెన్న, పెన్న నిండా ఇసుక. మరమరాల పొట్లం కొనుక్కుని అక్కడ కూర్చుంటే పూజారిగారు రెండుసార్లు దగ్గి, మూడోసారి "ఇంటికి వెళ్లండమ్మా, చీకటి పడుతోంది" అనేవారు.

ఆడవాళ్లు జంకు లేకుండా బయట నిలబడి తిన్నది నేను చూసింది ఏడాదికి ఒక్కసారే, మొహర్రం రోజుల్లో రొట్టెల పండుగకు. బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి రొట్టెలు ఇచ్చిపుచ్చుకుంటారు. కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె, దేనికది. ఒక ఏడు మా ముగ్గురినీ అమ్మవాళ్లు తీసుకెళ్లారు. టీచరమ్మ, నేను చదువు రొట్టె అడిగి తీసుకున్నాం. మా రొయ్యల స్నేహితురాలు పక్కావిడ చేతిలో ఏ రొట్టె ఉందో అడగకుండానే తీసుకుని తినేసింది. అది పెళ్లి రొట్టె అని తరువాత తెలిసింది. డిగ్రీ రెండో ఏడాదిలోనే పెళ్లయిపోయింది. ఆ మాట ఎత్తితే ఇప్పటికీ కొట్టడానికి వస్తుంది.

బిల్లు 1,140 వచ్చింది. ఎవరి వాటా ఎంతో మా లెక్కల మనిషి అక్కడికక్కడే తేల్చింది. నేను ఒక కాఫీ తాగి 380 ఇచ్చాను. దీని మీద ఇంకేమీ రాయను.

బయటికి వచ్చేసరికి చీకటి పడింది, ఆకలి అలాగే ఉంది. వి.ఆర్.సి. సెంటర్ దగ్గర సందులో దోశ బండి ఉందని టీచరమ్మ చెప్పింది. ఇన్నేళ్లూ అక్కడి నుంచి పార్సిల్ తెప్పించుకోవడమే తప్ప తాను ఎన్నడూ నిలబడి తినలేదట. నేనూ అంతే. మా ఇంట్లో కారం దోశ అంటే తమ్ముడు కాగితంలో చుట్టి తెచ్చేది, మెత్తబడిపోయి, అంచులు చెమ్మగిల్లి. పెనం మీది నుంచి నేరుగా తింటే ఎలా ఉంటుందో ఊహించుకోవడమే.

పెనం మీద నీళ్లు చిలకరించి, చీపురు కట్టతో తుడిచి, గరిటెడు పిండి పోసి పల్చగా తిప్పాడు. పిండి పచ్చిగా ఉండగానే ఎర్రకారం ముద్ద ఒకటి మధ్యలో వేసి గరిటె వెనక భాగంతో అంచులదాకా పులిమాడు. ఎండుమిరప, వెల్లుల్లి కలిపి నూరిన కారం. వేడి తగలగానే ఆ ఘాటుకు మా ముగ్గురికీ ఒకేసారి దగ్గు వచ్చింది. పైన పప్పుల పొడి చల్లాడు. "అక్కా, నెయ్యి వేయమంటారా?" అని అడిగాడు గానీ జవాబు కోసం ఆగలేదు. అంచు దానంతట అదే పెనం వదిలి పైకి లేచింది. మడిచి పళ్లెంలో పెట్టి ఇచ్చాడు, 70 రూపాయలు. ముందు కరకర, వెంటనే కారం, ఆ వెనక పప్పుల పొడి కమ్మదనం వచ్చి నాలుకను కాపాడుతుంది. హైదరాబాదులో నెల్లూరు పేరు రాసుకున్న బళ్లు వీధికి రెండున్నాయి. వాళ్లు పప్పుల పొడి మానేసి చీజ్ తురుముతారు. మా ఊరి పేరు తీసేసి ఏమైనా తురుముకోమనండి, నాకు అభ్యంతరం లేదు.

సగం తిన్నామో లేదో, "నమస్తే మేడమ్" అని వినపడింది. తొమ్మిదో తరగతి కుర్రవాడు, పక్కన వాళ్ల నాన్న. టీచరమ్మ గభాలున పళ్లెం వెనక్కి పెట్టేసింది. నెయ్యి కారి చీర కుచ్చిళ్ల మీద పడింది. వాడు అదేమీ పట్టించుకోకుండా బండి వైపు చూపించి, "ఉల్లికారం కూడా వేయించుకోండి మేడమ్, అడిగితేనే వేస్తాడు" అని సలహా ఇచ్చాడు. వాళ్ల నాన్న వాణ్ని గద్దించబోయి, మా పళ్లేల వైపు చూసి, తమకూ రెండు చెప్పి మా పక్కనే నిలబడ్డాడు. ఆమె కాసేపు తటపటాయించి పళ్లెం ముందుకు తెచ్చుకుంది. రెండో దోశకు ఉల్లికారం అడిగి మరీ వేయించుకుంది. "జూన్‌లో బడి తెరిచాక వీడు నా క్లాసులో ఎలా కూర్చుంటాడో చూస్తాను" అంది, వాళ్లు వెళ్లిపోయాక.

ఆదివారం తెల్లవారుతుండగానే అమ్మతో చేపల మార్కెట్టుకు వెళ్లాను. తొట్టిలో కొరమీనులు ప్రాణాలతో మెదులుతున్నాయి, కిలో 600. అమ్మ బేరం ఆడుతూ పావుగంట నిలబడి యాభై తగ్గించింది. కత్తిపీట ముందు కూర్చున్న ఆవిడ బూడిద రాసి, బండకేసి రుద్ది, తోక వైపు నుంచి పొలుసు గీసి ముక్కలు కోసింది. ఇంట్లో మట్టి దాకలో చింతపండు రసం తెర్లుతుండగా మామిడికాయ ముక్కలు, చేప ముక్కలు వేశాక ఇక గరిటె పెట్టనివ్వలేదు. దాకను గుడ్డతో రెండు వైపులా పట్టుకుని గుండ్రంగా తిప్పాలి, లేకపోతే ముక్క చెదురుతుంది. చివర్లో మెంతులు, ఆవాలు వేయించి కొట్టిన పొడి. నేను ఒక గిన్నె పట్టుకుని వెనకాలే తిరిగాను. అమ్మ నాకు రెండు వేపుడు ముక్కలు పెట్టి, పులుసు దాక మీద మూత పెట్టేసింది. మధ్యాహ్నం పప్పుచారుతో అన్నం తిన్నాను, చేపల పులుసు వాసన పీలుస్తూ.

స్నేహితురాళ్లిద్దరూ మలై ఖాజా పెట్టెతో స్టేషనుకు వచ్చారు. అమ్మ పులుసును స్టీలు డబ్బాలో పోసి, మూతకు గోధుమపిండి ముద్ద అద్ది, పైన పాత గుడ్డ బిగించి కట్టి ఇచ్చింది. డబ్బా సీటు కిందికి తోశాను. ఎంత కట్టినా పులుసు పులుసే. పెన్న వంతెన దాటేసరికి బోగీ అంతా తెలిసిపోయింది. ఎవరైనా ఏమైనా అంటారేమోనని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఎదురు బెర్తు పెద్దావిడ ఒకసారి గాలి పీల్చి, నా వైపు వంగి మెల్లగా అడిగారు.

"కొరమీనా అమ్మాయ్?"

"అవునండీ."

"మామిడికాయ వేశారా?"

"వేశారండీ."

ఆవిడ తృప్తిగా తల ఊపి, కాలితో తన సీటు కింది సంచిని కాస్త లోపలికి జరిపారు. అందులో ఉన్నది బొమ్మిడాయిల పులుసట, కూకట్‌పల్లిలో మనవడి కోసం. చెరో ముక్క మార్చుకుందామా అని అడగాలని నోటిదాకా వచ్చింది గానీ, కావలి రాకముందే ఆవిడ దుప్పటి ముసుగుపెట్టి పడుకున్నారు.