720720 మీద ఒక వారం కూర్చున్నాను

రైల్వే ఉద్యోగాల పరీక్ష ఎన్టీపీసీ మొదటి దశ అంటే మీకు తెలిసిందే, 90 నిమిషాల్లో 100 ప్రశ్నలు, అందులో 30 లెక్కలు. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర రూములో ఉన్నన్నాళ్లూ రోజుకి వంద బిట్లు లెక్కపెట్టి మరీ చేసేవాణ్ని. అయినా నంబర్ సిస్టమ్ ముంచేసేది.

ఒక మాక్ టెస్టులో 720720కి కారణాంకాలు ఎన్ని అని అడిగాడు. 2తో భాగించుకుంటూ పోయాను. 45045 దగ్గరికొచ్చేసరికి టెన్షన్ పట్టుకుంది, వదిలేశాను. రాత్రి రూమ్మేట్‌కి చూపించాను. టెక్కలి కుర్రాడు. అన్నం కలుపుకుంటూనే కాగితం వైపు చూసి, "ఏటిరా ఇది, 720ని రెండుసార్లు రాసినట్టుంది" అన్నాడు.

నిజమే కదా! పక్కపక్కన రెండుసార్లు రాస్తే అది 720×1001. 1001 అంటే 7×11×13. మూడంకెల సంఖ్య దేన్నైనా ఇలా రాస్తే ఈ మూడింటితోనూ నిశ్శేషంగా పోతుంది, 583583 వేసి చూసుకోండి. ఇక 720 అంటే 16×9×5. అంటే 2 నాలుగుసార్లు, 3 రెండుసార్లు, 5, 7, 11, 13 ఒక్కోసారి. ఘాతాంకాలకి ఒక్కొక్కటి కలిపి గుణిస్తే 5×3×2×2×2×2, మొత్తం 240. ఆ ఒకటి ఎందుకు కలుపుతామో నేను అప్పటిదాకా ఆలోచించనే లేదు. 2ని అసలు తీసుకోకపోవడం కూడా ఒక పద్ధతే, అందుకే నాలుగుకి ఐదు.

ఆ వారం కొత్త బిట్టు ముట్టుకోలేదు. దీన్నే తిప్పి తిప్పి అడుక్కున్నాను. బేసి కారణాంకాలెన్ని? 2ని పక్కన పెడితే 48. పూర్ణవర్గం కావాలంటే కనీసం ఎంతతో గుణించాలి? జతలేనివి 5, 7, 11, 13, కాబట్టి 5005తో. అప్పుడది 60060 వర్గం అవుతుంది. 1 నుంచి 16 దాకా అన్నిటి క.సా.గు. కూడా ఇదే. అందుకని 2 నుంచి 16 వరకు దేనితో భాగించినా 1 మిగిలే సంఖ్యల్లో, 1ని వదిలేస్తే, అతి చిన్నది 720721.

తనకన్నా చిన్న సంఖ్య దేనికీ లేనన్ని కారణాంకాలున్న సంఖ్యల మీద రామానుజన్ 1915లో పెద్ద పరిశోధనా వ్యాసం ప్రచురించారు. మన 720720 ఆ జాతిదే. పరీక్షకి అక్కర్లేదు గానీ, తెలిశాక నాకు దీని మీద మోజు పెరిగింది. కారణాంకాలన్నీ కూడితే 32,49,792 వస్తుందని కూడా వేశాను. మీరు ఆ పని పెట్టుకోకండి, టైం దండగ.

తర్వాతి మాక్‌లో 360360 కనబడింది. ఎగిరి గంతేసినంత పనైంది. ఇందులో 2 మూడుసార్లే, కాబట్టి 4×3×16, 192. టక్కున పెట్టేశాను. తప్పు! వాడు అడిగింది సరి కారణాంకాలు, 144. మార్కు రాకపోగా మూడోవంతు పోయింది. అప్పట్నుంచి రఫ్ పేపరు మీద అంకె వేసే ముందు 'స' అనో 'బే' అనో రాసుకుంటున్నాను.