జియోటెక్ (మట్టి, పునాదుల ఇంజనీరింగ్) పీహెచ్‌డీ ఇంటర్వ్యూ: టాపిక్ ఎలా ఎంచుకున్నాను

గేట్ స్కోర్ వచ్చాక చాలామందికి అసలు టెన్షన్ "ఏ టాపిక్ మీద చేస్తావు?" అనే ప్రశ్నతో మొదలవుతుంది. నేను బెంగళూరులో సాయిల్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తూ ప్రిపేర్ అయ్యాను. నాకు పనికొచ్చిన పద్ధతి చెప్తాను.

మన వైపు నుంచి వెళ్ళేవాళ్ళు ఎక్కువగా నల్లరేగడిలో ఫ్లై యాష్ (బొగ్గు మండగా వచ్చే సన్నని బూడిద) కలపడం అంటారు, బీటెక్ ప్రాజెక్టు అదే కాబట్టి. మంచి విషయమే. కానీ దాని మీద ఇప్పటికే బోలెడు పేపర్లున్నాయి. మీరు కొత్తగా ఏం కనుక్కుంటారో ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే బోర్డు ముందు నిలబడటం కష్టం.

నాకు ప్రశ్న సైట్‌లో దొరికింది. బెంగళూరు ఎర్రమట్టి చాలాచోట్ల నైస్ (gneiss) అనే రాయి ఉన్నచోటే శిథిలమై ఏర్పడింది. ఎండాకాలంలో బేస్‌మెంట్ తవ్వితే నిటారుగా నిలుస్తుంది. నాలుగు వానలు పడగానే అదే కట్టింగ్ విరిగి పడుతుంది. రేణువులను పట్టి ఉంచే సక్షన్ (పూర్తిగా తడవని మట్టిలో నీటి పీల్పు) తడికి తగ్గిపోవడం ఇందుకు ముఖ్య కారణం. ఎంత తడిస్తే ఎంత బలం పోతుంది? దీన్నే పట్టుకున్నాను.

తర్వాత ఏ టెస్టుకు ఎంత కాలం పడుతుందో లెక్క వేయండి. ఇది ఎవరూ గట్టిగా చెప్పరు. వాట్‌మన్ 42 ఫిల్టర్ పేపర్‌తో సక్షన్ కొలవడం చవకే, అయితే ఒక్కో నమూనాను కనీసం 7 రోజులు సీల్ చేసి ఉంచాలి. మెత్తటి బంకమట్టి కన్సాలిడేషన్ (బరువు కింద నీరు మెల్లగా బయటికి పోయి మట్టి కుదించుకోవడం) మీద చేద్దామనుకునేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పట్టే సమయం డ్రైనేజ్ దూరం (నీరు బయటికి పోవడానికి దాటాల్సిన దూరం) వర్గాన్ని బట్టి పెరుగుతుంది. పైనా కిందా నీరు పోయే 20 మి.మీ. నమూనా ల్యాబ్‌లో 10 నిమిషాల్లో సగం కన్సాలిడేట్ అయిందనుకోండి. అలాగే రెండు వైపులా నీరు పోయే 10 మీటర్ల పొరకు 2,50,000 రెట్లు, అంటే దాదాపు 4 ఏళ్ళ 9 నెలలు పడుతుంది. నీరు త్వరగా పోయేలా మట్టిలో దింపే నిలువు డ్రెయిన్లు లేని సైట్‌లో కొలిచి నిరూపిస్తానంటే మీ పీహెచ్‌డీ గడువు దానికే సరిపోతుంది.

చేరబోయే డిపార్ట్‌మెంట్ ల్యాబ్‌లో ఏ పరికరాలున్నాయో ముందే చూసుకోండి. సక్షన్ నియంత్రించే ట్రయాక్సియల్ (నమూనాను చుట్టూ నొక్కుతూ బలం కొలిచే పరికరం) లేకపోతే, మామూలు డైరెక్ట్ షియర్‌లో (నమూనాను అడ్డంగా జరిపి బలం కొలిచే పరీక్ష) వేర్వేరు తేమల దగ్గర నమూనాలు పరీక్షిస్తానని చెప్పొచ్చు. దాని పరిమితులు మీరే ముందు చెప్పేస్తే ఇంకా మంచిది.

నమూనా ఎలా తీస్తారని తప్పకుండా అడుగుతారు. ఇలాంటి గట్టి మట్టిలో ట్యూబ్ దింపితే రాయి నుంచి మిగిలిన బంధాలు తెగిపోతాయి. గుంతలో చేత్తో బ్లాక్‌గా చెక్కి, తేమ పోకుండా మైనం పూసి తేవాలి. వీలైతే ఇంటర్వ్యూకి ముందే ఒకటి తీసి చూడండి.